మదనపల్లె అన్నదమ్ములు

రాయలసీమకు దక్షిణపు కొసన, కొండల నడుమ, మదనపల్లె అను పట్టణము కలదు. అది సముద్రమట్టమునకు సుమారు 2,250 అడుగుల ఎత్తున నుండుటచే అచ్చటి గాలి చల్లనిది. సమీపముననే హార్సిలీకొండ తలయెత్తి నిలిచియున్నది. దక్షిణముగా సాగినచో పొట్టిజాతి ఆవులకు పేరుపొందిన పుంగనూరు, ఆపైన పలమనేరు, కుప్పము వచ్చును. అచ్చటితో తెలుగునేల ముగిసి తమిళ కన్నడ దేశముల పొలిమేరలు మొదలగును. నల్లరాతి గుట్టలు, చింతతోపులు, వానకై ఎదురుచూచు చెరువులు ఈ సీమకు గుర్తులు.

ఇట్టి సీమలో పుట్టి, ప్రపంచమెల్ల తిరిగి, అరువది సంవత్సరములకు పైగా జనులతో మాటలాడి, తత్త్వచింతకుడుగా ఖ్యాతిగాంచినవాడు జిడ్డు కృష్ణమూర్తి. ఆయన పేరు వినినవారు పెక్కుమంది కలరు. కాని ఆయన వెంట నీడవలె మెలగిన తమ్ముడు నిత్యానందుని పేరు ఎరిగినవారు కొలదిమందియే. ఆ ఇరువురి కథ పెద్ద సంఘటనలతో మొదలు కాలేదు. ఒక పలక, పిడికెడు బియ్యము, పళ్లెములోని తీపి పలహారము - ఇట్టి చిన్న వస్తువులతోనే మొదలైనది.

కృష్ణమూర్తి 1895వ సంవత్సరము మే నెలలో మదనపల్లెయందు జన్మించెను. అప్పుడు ఆ ఊరు కడప జిల్లాలో నుండెను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు దానిలో చేరెను. తండ్రి జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, పిమ్మట తహసీలుదారయ్యెను. తల్లి సంజీవమ్మ భక్తియు దయయు గల ఇల్లాలు. వారి సంతానములో ఈ బాలుడు ఎనిమిదవవాడు. దేవకీదేవికి అష్టమగర్భమున శ్రీకృష్ణుడు పుట్టెను గావున తల్లిదండ్రులు ఇతనికిని ఆ పేరే పెట్టిరి. మూడేండ్లకు, 1898 మే నెలలో, నిత్యానందుడు పుట్టెను. వీరికి శివరాముడను అన్నయు, సదానందుడను చిన్న తమ్ముడును ఉండిరి. కొందరు తోబుట్టువులు చిన్నతనముననే గతించిరి. ఆ కాలపు ఇండ్లలో ఇట్టి దుఃఖము అరుదైనది కాదు.

నారాయణయ్య ఉద్యోగరీత్యా ఊరూరు తిరుగవలసివచ్చెను. 1896లో ఆయనకు కడపకు బదిలీ అయ్యెను. అచ్చట రెండేండ్ల ప్రాయమున కృష్ణమూర్తికి మలేరియా జ్వరము సోకి ప్రాణముమీదికి వచ్చెను. ఆ జ్వరము దోమకాటు వలన వ్యాపించునను రహస్యమును రోనాల్డు రాసు అను వైద్యుడు 1897లోనే, మన సికింద్రాబాదులోనే, ఛేదించెను. కాని ఆ ఎరుక సామాన్యుల ఇండ్లకు చేరుటకు చాల కాలము పట్టెను. బాలుడు బ్రదికెను గాని జ్వరము అతనిని విడువలేదు. కదిరి, రాయచోటి, మరల కడప - ఏ ఊరికి పోయినను నడుమ నడుమ అది తిరుగబెట్టుచునే యుండెను. ముక్కునుండి రక్తము కారుటయు కలదు. ఒక సంవత్సరమంతయు అతడు బడికే పోలేకపోయెను.

అట్టి దినములలో కృష్ణమూర్తి తల్లి చెంతనే గడపెను. ఆమె పూజ చేసికొనుచుండగా ప్రక్కన కూర్చుండెడివాడు. ఆమె చెప్పు పురాణకథలు వినెడివాడు. పెరటిలో చీమల బారును, ఆకులపై ప్రాకు పురుగులను, ఆకాశమున పోవు మబ్బులను చాలసేపు రెప్పవేయక చూచుచుండెడివాడు. పుస్తకముమీద మాత్రము అతని మనస్సు నిలిచెడిది కాదు. పాఠము చదివినను జ్ఞాపకముండెడిది కాదు. చూచువారు ఇతడు మందబుద్ధి అని తలచిరి.

నిత్యానందుడు ఇందుకు పూర్తిగా విరుద్ధము. అతనికి చదువనిన ప్రాణము. మాటలు సరిగా రాని వయస్సుననే, ఇతర బాలురు బడికి పోవుట చూచినంతనే, పలకయు బలపమును పట్టుకొని వారి వెంట బయలుదేరెడివాడు. ఒకసారి వినినది మరచెడివాడు కాడు. ఒకే ఇంట, ఒకే తల్లి చేతి అన్నము తిని పెరిగిన అన్నదమ్ములలో ఒకరు ఇంత చురుకు, ఒకరు ఇంత నెమ్మది. ఇట్టి చోట్ల పెద్దలు తెలియకయే పోలికలు తెచ్చి, పసిమనస్సులలో అసూయ నాటుట లోకములో తరచుగా జరుగునది. ఈ ఇంట అది మొలకెత్తలేదు. అందులకు కారణము కృష్ణమూర్తి స్వభావమే.

అతని స్వభావమును గూర్చి తండ్రి తరువాతి కాలమున కొన్ని సంగతులు చెప్పెను. కృష్ణమూర్తి బడినుండి వచ్చునపుడు పెక్కుసారులు చేతిలో పలక యుండెడిది కాదు. బలపమును ఉండెడిది కాదు. ఒక్కొక్కసారి పుస్తకములును ఉండెడివి కావు. ఏమైనవని విచారింపగా, లేని పిల్లవానికి ఇచ్చి వచ్చినట్లు తెలిసెడిది. ఉదయమున బిచ్చగాండ్రు వాకిటికి వచ్చుట ఆనాటి ఊళ్లలో వాడుక. చాచిన ప్రతి చేతికిని కొలతగా ఇంత బియ్యము పోయుట ఆచారము. సంజీవమ్మ ఆ పని కృష్ణమూర్తికి అప్పగించెడిది. అతడు వెళ్లిన క్షణముననే వట్టి పాత్రతో తిరిగివచ్చెడివాడు. మొదట కనబడినవాని జోలెలోనే అంతయు పోసి, మిగిలినవారికి ఇచ్చుటకు మరల బియ్యము కావలెనని అడిగెడివాడు. సాయంకాలమున నారాయణయ్య కచేరి నుండి వచ్చి మిత్రులతో వసారాలో కూర్చుండగా, వండిన అన్నమునకై మరికొందరు వచ్చెడివారు. పనివారు వారిని అదలించి పంపబోయెడివారు. అంతలో ఈ బాలుడు లోనికి పరుగెత్తి అన్నము తెచ్చి వారికి పెట్టెడివాడు.

బయటివారికి చేయు దానము నలుగురి కంట బడును. దానికి మెప్పు కూడ లభించును. ఇంటిలో తోబుట్టువునకు చేయు మేలు ఎవరి కంటను బడదు. కృష్ణమూర్తి మంచితనము ఇంటిలోపలను అట్లే యుండెను. పండుగకో పబ్బమునకో సంజీవమ్మ తీపి వంటకములు చేసి పిల్లలకు సమముగా పంచెడిది. కృష్ణమూర్తి తన పాలులో కొంత మాత్రమే యుంచుకొని, తక్కినది అన్నదమ్ములకు ఇచ్చెడివాడు. నిత్యానందుడు తన పాలును తిని, అన్న ఇచ్చినదియు తిని, ఇంకను కావలెనని చేయి చాచెడివాడు. కృష్ణమూర్తి ఒక్కనాడైనను లేదనలేదు. ఉన్న కొంచెమును తమ్ముని చేతిలో పెట్టెడివాడు. పసివాని వయస్సులో తీపి పలహారముకంటె విలువైన సొత్తు వేరొకటి లేదు. దానిని విడుచుట పెద్దలు ధనము విడుచుటకంటె సులభమైనది కాదు.

అతడు మందబుద్ధి కాడని తెలుపు సంగతి యొకటి అదే ఇంట జరిగెను. యంత్రములనిన అతనికి మిక్కిలి మక్కువ. ఒకనాడు తండ్రిగారి గడియారమును విప్పి, దాని లోపలి చక్రములన్నియు వేరుచేసెను. తిరిగి అమర్చునంతవరకు బడికి పోననెను, భోజనమునకును లేవలేదు. చివరకు దానిని సరిచేసియే లేచెను. తానుగా తెలిసికొనగోరినదానియందు అతని మనస్సు అంత గట్టిగా నిలుచును. అప్పగించిన పాఠమునందు నిలువదు. ఆ భేదమును గుర్తించు ఓపిక నాటి బడులకు లేకపోయెను.

ఇంతలో ఆ కుటుంబముపై దెబ్బమీద దెబ్బ పడెను. 1904లో పెద్దక్క ఇరువది యేండ్ల ప్రాయమున మరణించెను. మరుసటి సంవత్సరము, 1905 డిసెంబరులో, కడపలో తల్లి సంజీవమ్మ కన్నుమూసెను. అప్పటికి కృష్ణమూర్తికి పదియేండ్లు, నిత్యానందునకు ఏడేండ్లు. సదానందుడు ఇంకను పసివాడు. అతని బుద్ధి వయస్సుతోపాటు ఎదుగదని క్రమముగా తెలియవచ్చెను. బియ్యము పంచుమని చెప్పు తల్లియు, తీపి పంచిపెట్టు తల్లియు లేని ఆ ఇంట పిల్లలకు పిల్లలే దిక్కైరి.

1907లో నారాయణయ్య మరల మదనపల్లెకు వచ్చెను. బాలురు అచ్చటి బడిలో చేరిరి. ఆ సంవత్సరాంతమున తండ్రి ఉద్యోగమునుండి విరమించెను. నెలకు 112 రూపాయల పింఛను; అది పూర్వపు జీతములో సగము. నలుగురు కుమారులను చదివించుట ఎట్లని ఆయన చింతించెను. ఆయన చిరకాలముగా దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. ఆ సమాజాధ్యక్షురాలు అనిబిసెంటుకు తనకు పని ఇప్పింపుమని పలుమారులు వ్రాయగా, 1909 జనవరిలో మదరాసు చెంతనున్న అడయారులో ఒక పని దొరికెను. తండ్రియు పిల్లలును సమాజపు ఆవరణకు వెలుపలనున్న ఒక పాత ఇంట కాపురముండిరి. పెద్దవాడైన శివరాముడు వైద్యుడు కాగోరి పై చదువు సాగించెను. కృష్ణమూర్తియు నిత్యానందుడును ప్రతిదినము మూడు మైళ్లు నడిచి మైలాపూరులోని ఒక బడికి పోయి, తిరిగి మూడు మైళ్లు నడిచి ఇంటికి వచ్చుచుండిరి.

ఆ బడి కృష్ణమూర్తికి నరకమయ్యెను. పాఠము అప్పగింపలేదని ఒక ఉపాధ్యాయుడు అతనిని దాదాపు ప్రతిదినమును బెత్తముతో కొట్టుచుండెను. తరచుగా తరగతి నుండి వెడలగొట్టి వసారాలో నిలువబెట్టెడివాడు, నిలువబెట్టి మరచిపోయెడివాడు. బడి ముగిసి బాలురందరును ఇండ్లకు పోయినను, పొమ్మని ఎవరును చెప్పలేదు గావున కృష్ణమూర్తి కన్నీటితో అట్లే నిలిచియుండెడివాడు. అప్పుడు నిత్యానందుడు వచ్చెడివాడు. పదకొండేండ్ల తమ్ముడు పదునాలుగేండ్ల అన్న చేయి పట్టుకొని మూడు మైళ్లును నడిపించుకొని ఇంటికి తీసికొనిపోయెడివాడు.

ఆ దృశ్యమును ఒక్కసారి మనస్సులో నిలుపుకొనదగును. తెలివిగల తమ్మునికి, నలుగురిలో అవమానింపబడిన అన్నను చూచి సిగ్గుపడుట సులభము. తోడి బాలురతో ముందుగా వెళ్లిపోవుట అంతకంటె సులభము. అతడు ఆ రెండును చేయలేదు. ఒకప్పుడు అన్న తన పాలు తీపిని తమ్మునికి ఇచ్చెను; ఇప్పుడు తమ్ముడు తన చేతిని అన్నకు ఇచ్చెను. వారిలో ఎవరును ఇది అప్పనియు, ఇది తీర్చుట యనియు లెక్క వేసికొనలేదు.

1909లోనే వారి బ్రదుకు మలుపు తిరిగెను. అడయారు సముద్రతీరమున ఆడుకొను బాలురలో కృష్ణమూర్తిని దివ్యజ్ఞాన సమాజ ప్రముఖుడైన లెడ్‌బీటరు చూచి, ఇతడు మహాపురుషుడగునని చెప్పెను. లోకమునకు ఒక జగద్గురువు రానున్నాడని ఆ సమాజమువారి విశ్వాసము. ఆ గురువునకు ఈ బాలుని సిద్ధపరుపవలెనని వారు నిశ్చయించిరి. బడి మాన్పించి వేరుగా చదువు చెప్పింప నారంభించిరి. కృష్ణమూర్తి మాత్రము నిత్యానందుడు లేక ఏ పనియు చేయకుండెను. చదువైనను, ఈతయైనను, వాహ్యాళియైనను తమ్ముడు వెంట నుండవలెను. అందుచే ఇరువురికిని కలిపియే శిక్షణ మిచ్చిరి. బెత్తము లేనిచోట కృష్ణమూర్తి ఆంగ్లమును కొలది కాలములోనే నేర్చుకొనెను. 1909 నవంబరులో అనిబిసెంటు వారిని మొదటిసారి చూచెను. మరుసటి సంవత్సరము నారాయణయ్య ఇరువురికిని ఆమెను సంరక్షకురాలిగా చేయుచు పత్రము వ్రాసియిచ్చెను. 1911లో ప్రాచ్య నక్షత్ర సంఘము స్థాపింపబడెను. పదునారేండ్లు నిండకముందే కృష్ణమూర్తి దానికి అధిపతియయ్యెను. ఆ సంవత్సరమే అన్నదమ్ములు ఇంగ్లండుకు ప్రయాణమైరి.

ఆ తరువాత తండ్రికిని అనిబిసెంటుకును భేదములు వచ్చెను. పిల్లలను తిరిగి అప్పగింపవలెనని నారాయణయ్య 1912లో వ్యాజ్యము వేసెను. 1913లో తీర్పు తండ్రికి అనుకూలముగా వచ్చెను. 1914లో లండనులోని ప్రివీ కౌన్సిలు దానిని త్రోసివేసెను. పెద్దలు న్యాయస్థానములలో వాదించుకొనుచుండగా పిల్లలు పరదేశమున నుండిరి. తల్లి లేదు, తండ్రి దూరమయ్యెను, మాతృభాష వినబడుట లేదు. న్యూఢిల్లీ నగరమును నిర్మించిన శిల్పి ఎడ్విన్ లట్యెన్సు భార్యయైన ఎమిలీ వారిని తల్లివలె ఆదరించెను. ఐనను రాత్రి దీపము ఆర్పిన పిమ్మట, ఇంటి జ్ఞాపకములు పంచుకొనుటకు అన్నకు తమ్ముడు, తమ్మునికి అన్న తప్ప వేరెవరున్నారు?

చదువులో పాత తేడా అక్కడను కొనసాగెను. లండను మెట్రిక్యులేషను పరీక్షలో 1918లో నిత్యానందుడు గౌరవశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను. కృష్ణమూర్తి పలుమారులు కూర్చుండియు తప్పెను. నిత్యానందుడు న్యాయశాస్త్రము చదివెను. లోకమంతయు అన్నకు జయజయధ్వానములు చేయుచుండెను. పట్టములు మాత్రము తమ్మునికి వచ్చుచుండెను. తమ్ముడు అన్న కీర్తిని చూచి కుందలేదు. అన్న తమ్ముని విద్యను చూచి చిన్నబుచ్చుకొనలేదు. మైలాపూరు వసారాలో పట్టుకొనిన చేయి విడువలేదు.

1921లో నిత్యానందునకు దగ్గుతో రక్తము పడెను. వైద్యులు పరీక్షించి క్షయ అని తేల్చిరి. క్షయకు కారణమగు సూక్ష్మజీవిని 1882లోనే రాబర్టు కాకు కనుగొనెను గాని, దానిని చంపు మందు అప్పటికి లేదు. స్ట్రెప్టోమైసిను అను ఔషధము 1943లో గాని బయటపడలేదు. అంతవరకు విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, పొడిగాలి - ఇవియే చికిత్స. విచిత్రమేమనగా, వారు పుట్టిన మదనపల్లె చెంతనే ఆరోగ్యవరము అను చోట 1915లో క్షయరోగులకు గొప్ప ఆరోగ్యశాల వెలసెను. ఆ గడ్డ గాలి అంత మంచిది. 1948లో మన దేశమున బి.సి.జి. టీకాల ప్రయత్నము మొదలైన కేంద్రములలో మదనపల్లె ఒకటి.

కృష్ణమూర్తి తమ్ముని స్విట్జర్లాండు కొండలకు తీసికొనిపోయెను. 1921 చివర ఇరువురును స్వదేశమునకు వచ్చిరి. 1922లో ఆస్ట్రేలియాకు పోగా అచ్చట రోగము తిరుగబెట్టెను. అచ్చటినుండి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునకు పోయి, జూలై నెలలో ఓహాయి అను లోయలో ఒక చిన్న ఇంట దిగిరి. చుట్టును కొండలు, నారింజ తోటలు, పొడిగాలి. ఎండకు మాడిన ఆ గుట్టలు రాయలసీమను తలపించునవి. అచ్చట కృష్ణమూర్తి తమ్ముని పరిచర్యలో నిమగ్నుడయ్యెను. మరుసటి నెలలో కృష్ణమూర్తికే తలయందును వెన్నెముకయందును తీవ్రమైన బాధ కలిగి, కొన్ని దినములు ఒడలు తెలియని స్థితి వచ్చెను. అప్పుడు రోగియైన నిత్యానందుడు తన రోగమును మరచి అన్న చెంత కనిపెట్టుకొని యుండెను. ఆ దినములలో జరిగినదంతయు వివరముగా వ్రాసిపెట్టెను. ఒకరికి జబ్బు చేసినపుడు ఒకరు కాపలా. ఇరువురికిని జబ్బు చేసినపుడు ఇరువురును కాపలా.

కొంతకాలము నిత్యానందుడు కోలుకొనినట్లే కనబడెను. కాని ఆశ నిలువలేదు. 1925లో రోగము మరల విజృంభించెను. ఆ సంవత్సరాంతమున అడయారులో దివ్యజ్ఞాన సమాజపు స్వర్ణోత్సవములు. కృష్ణమూర్తి అందులకు పోవలసివచ్చెను. తమ్ముని విడిచి పోవుటకు ఆయన మనస్సు ఒప్పలేదు. ఐనను తమ్ముని ప్రాణమునకు అపాయము లేదని పెద్దలు ధైర్యము చెప్పిరి, ఆయన నమ్మెను. నిత్యానందుడు ఓహాయిలో నిలిచిపోయెను. ఓడ సూయజు కాలువ ప్రాంతమును చేరుసరికి తంతివార్త వచ్చెను. 1925 నవంబరు 13వ తేదీన నిత్యానందుడు మరణించెను. అతని వయస్సు ఇరువదియేడు సంవత్సరములు మాత్రమే.

ఆ ఓడలో కృష్ణమూర్తి గదిలోనే ప్రయాణము చేసిన శివరావు అను మిత్రుడు తదుపరి దినముల సంగతి తెలిపెను. పగలు కృష్ణమూర్తి మౌనముగా నుండెను. రాత్రి నిద్రలో వెక్కి వెక్కి ఏడ్చి, తమ్ముని పేరుపెట్టి పిలిచెను. ఒక్కొక్కసారి ఆ పిలుపు తెలుగులో నుండెను. మెలకువలో ఆయన తెలుగు మాటలాడలేకుండెను. ఇంగ్లండులో పెరిగి దానిని ఏనాడో మరచెను. పగటి బుద్ధి మరచిన భాషను రాత్రి దుఃఖము మరువలేదు. తమ్మునితో తీపి పంచుకొనిన నాటి మాటలు ఆ లోతులో పదిలముగా నుండెను.

సుమారు పది దినములకు ఓడ కొలంబో చేరెను. దిగిన కృష్ణమూర్తి ముఖమున ఏడుపు లేదు, ప్రశాంతత యుండెను. తమ్ముని గూర్చి ఆయన ఒక వ్యాసము వ్రాసి, తామిరువురును ఇక వేరు కారను భావమును వెల్లడించెను. ఐనను ఆ మరణము ఆయనలో ఒక మార్పు తెచ్చెను. పెద్దలు చెప్పిన ధైర్యము నిజము కాలేదు. ఇతరుల మాటమీద నిలిచిన నమ్మకము ఎంత బలహీనమో ఆయన స్వానుభవమున తెలిసికొనెను. 1929 ఆగస్టు 3వ తేదీన, హాలండులోని ఓమెన్ అను చోట, సుమారు 3,000 మంది సభ్యుల యెదుట, తాను అధిపతిగానున్న సంఘమును తానే రద్దుచేసెను. తాను ఎవరికిని గురువు కాననియు, సత్యమునకు ఎవరికి వారే దారి వెదకికొనవలెననియు ప్రకటించెను. సంఘమునకు వచ్చిన ఆస్తులు ఇచ్చినవారికి తిరిగి చేరెను. పలకయు బలపమును ఇచ్చివేసి వట్టి చేతులతో ఇంటికి వచ్చిన బాలుడే, పెద్దవాడై, సింహాసనమును ఇచ్చివేసి వట్టి చేతులతో బయటికి నడిచెను.

ఆయన జన్మభూమిని మరువలేదు. మదనపల్లెకు సుమారు పది మైళ్ల దూరమున, తెట్టు గ్రామము చెంత, ఋషికొండ క్రింద ఒక లోయ కలదు. 1920ల నడుమ కృష్ణమూర్తి ఆ చోటు చూచి, అచ్చట విద్యాలయము నెలకొల్పదలచెను. అది ఋషివ్యాలీ పాఠశాలగా 1931 నాటినుండి అచ్చట నడచుచున్నది. ఆయన విద్యను గూర్చి చెప్పిన మాటలలో ముఖ్యమైనది ఒకటి కలదు. బాలుని మరియొక బాలునితో పోల్చరాదనియు, భయపెట్టి చదువు చెప్పరాదనియు ఆయన జీవితాంతము బోధించెను. ఆ బోధకు వేరు ఎక్కడనున్నదో వెదకుట కష్టము కాదు. కన్నీటితో వసారాలో నిలిచిన బాలుడు, తనకంటె తెలివిగల తమ్ముని మనసార ప్రేమించిన బాలుడు, ఆ మాటలలో కనబడును.

తోబుట్టువుల ప్రేమ ఆ ఇంట మరియొక రూపమునను వెలసెను. అన్న శివరాముడు తాను కోరినట్లే వైద్యుడయ్యెను. బుద్ధి ఎదుగని సదానందుని ఆయన తన ఇంటనే యుంచుకొని పోషించెను. సదానందుడు 1948లో మరణించునంతవరకు అన్న నీడనే, అన్న పిల్లలతో ఆటలాడుచు, వారి ప్రేమకు పాత్రుడై జీవించెను. శివరాముడు 1952లో గతించెను. అతని పేరు లోకమునకు తెలియదు. కాని సంజీవమ్మ జీవించియుండిన, కుమారులందరిలో అతనిని తక్కువగా నెంచియుండదు.

కృష్ణమూర్తి తొంబది సంవత్సరములు జీవించెను. 1985 చివరి మాసములలో ఋషివ్యాలీకి తుదిసారి వచ్చి పిల్లలతో మాటలాడెను. 1986 ఫిబ్రవరి 17వ తేదీన ఓహాయి లోయలో మరణించెను. అరువది యేండ్లకు ముందు తమ్ముడు కన్నుమూసిన లోయ అదియే.

ఆయన వేలకొలది సభలలో మాటలాడెను. ఆ మాటలు ఎన్నియో గ్రంథములయ్యెను. అవి చదివి అర్థము చేసికొనుటకు వయస్సు రావలెను. తీపిలో సగము తమ్ముని చేతిలో పెట్టుటకును, వసారాలో ఒంటిగా నిలిచిన అన్న చేయి పట్టుకొని ఇంటికి నడిపించుటకును ఏ వయస్సును రానక్కరలేదు. మదనపల్లె అన్నదమ్ములు పిన్నవయస్సుననే అది చేసి చూపిరి.